మీసం మీద తవ్విన బావి

చేలక్కున్ను కొండ మీద నీళ్ళకి కరువుందేమో గానీ, చామియేట్టన్ మీసానికి నూనె కరువు ఏనాడూ రాలేదు. పొద్దున్నే పాలు లేని చాయ ఒక గ్లాసు తాగాలి. చూపుడువేలితో కొబ్బరినూనె తీసి మీసానికి పట్టించాలి. రెండు కొసలూ పైకి మెలితిప్పాలి. అప్పుడు గానీ ఆయనకి తెల్లారినట్టు కాదు. నవ్వేవాళ్ళు నవ్వుతారు, వాళ్ళకేం! ఆ మనిషికి ఇంకేం మిగిలిందని? పని పోయింది, నడుం పోయింది, ఆ రెండింటితో పాటు వచ్చే మర్యాదా పోయింది. మిగిలింది మీసమొక్కటే.

ఒకప్పుడు ఆ చుట్టుపక్కల కొండల్లో బావి తవ్వాలంటే చామిని పిలవాల్సిందే. చిన్నాపెద్దా అందరూ అన్నా అన్నట్టు ఏట్టా, ఏట్టా అని వెంటపడేవాళ్ళు. ఒక వేసవిలో మోకు తెగి బావిలో పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుం దక్కలేదు. కర్ర పట్టుకుని పెరట్లోకి పోగలడు, రాగలడు. అరుగు దిగి కొండ దారి పట్టడం మాత్రం ఆయన వల్ల కాదు.

"కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోతాం, రా ఏట్టా! కొట్టు దాకా వచ్చి నలుగురితో కబుర్లు చెప్పిపో" అని చాయ కొట్టు ఉస్మాన్ ఎన్నిసార్లు బతిమాలాడో.

"మనుషులు మోసుకుపోయేది శవాన్నిరా. నేను పోయాక మొయ్యండి. ఇప్పుడే ఏం తొందర?" అనేవాడు చామి. అలా అని అని ఆ అరుగు మీదే, ఆ చేతుల కుర్చీలోనే పాతుకుపోయాడు. దారిన పోయేవాళ్ళందరికీ వంకలు పెట్టడం ఒక్కటే పని. ఆ పనిలో మాత్రం ఎవరూ సాటి రారు.

వాళ్ళ సంవత్సరాది, విషు పండగ వెళ్ళిన వారానికి, ఒక సాయంత్రం ఆయన భార్య దేవయాని ఉపాధి పని నుంచి ఇంటికొచ్చి, కొడవలి చూరులో దోపుతూ అంది.

"ఇదిగో, మిమ్మల్నే. రేపట్నుంచి మాకు గడ్డి కోసే పని లేదు."

"తీసేశారా?"

"లేదు. బావి తవ్వుతున్నాం."

చామికి నవ్వాగలేదు. తాగుతున్న చాయ పొలమారి, ముక్కులోంచి వచ్చి, దేవయాని వచ్చి వీపు నిమిరేదాకా నవ్వాడు.

జరిగిందేమిటంటే, ఉపాధి పనికి పోయే ఆడవాళ్ళకి నాయకురాలు చాయ కొట్టు ఉస్మాన్ భార్య, నబీసా. ఆవిడ గ్రామసభలో లేచి నిలబడి అడిగేసిందట. "ఏటా రోడ్డు పక్క గడ్డి కోస్తాం. వాన పడితే మళ్ళీ మొలుస్తుంది. మళ్ళీ కోస్తాం. గడ్డికీ బుద్ధి రాదు, మనకీ రాదు. ఇన్ని చేతులున్నాయి, మా కొండ మీద నీళ్ళు లేవు. మాకో బావి పని ఇవ్వండి" అని. ఓవర్సియరమ్మాయి ముందు నవ్విందట. తర్వాత ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేసిందట. సరే, ఒక్క బావి తవ్వి చూడండి, వానలు దిగే లోపల నీళ్ళు పడాలి, పడకపోతే మళ్ళీ గడ్డి దగ్గరికే పోవాలి అని ఒప్పుకుంది. ఆ కొండకి ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఆ డ్రైవరుకే తెలీదు. వచ్చిన రోజు బిందెల దగ్గర జరిగే యుద్ధం చూసినవాళ్ళెవరికైనా ఆ బావి విలువ తెలుస్తుంది.

"మీరు తవ్వేది బావా? కొబ్బరిచెట్టుకి పాదు తియ్యడమనుకున్నారా?" అన్నాడు చామి కళ్ళు తుడుచుకుంటూ. "సరేలే. ముచ్చటపడ్డారు. జల ఎక్కడుందో చెప్తా, విను. నబీసా పెరట్లో పనసచెట్టు పక్కన. ఎండాకాలంలో కూడా ఆ చెట్టు ఆకు వాడదు. కళ్ళు మూసుకుని తవ్వుకోండి."

మర్నాడు ఆడవాళ్ళు చేసిన పని వింటే మీరైనా నవ్వుతారు. ఇంటింటి గడప నుంచీ కొబ్బరితాడు వేసి కొలిచారు. ఈ గడపకి దగ్గరైతే ఆ గడపకి దూరమని మేకు పీకి మళ్ళీ పాతారు. అందరికన్నా పెద్దది చిరుత, అమ్మమ్మా అన్నట్టు అందరూ ముత్తశ్శి అంటారు. మునిమనవల్ని ఎత్తిన ముసలిప్రాణం. ఆవిడ మోకాళ్ళ నొప్పుల్ని లెక్కలోకి తీసుకుని మేకుని ఒక మూర అటు జరిపారు. చివరికి అన్ని ఇళ్ళకీ సమానమైన దూరంలో, కాలిదారులు కలిసే చోట, మేకు నిలిచింది.

చామికి ఈ కబురు తెలిసి కుర్చీలోంచి లేవబోయాడు, లేవలేక కూలబడ్డాడు.

"నీళ్ళకి ఓట్లేశారటే? భూమిలో జల ఏమన్నా పంచాయతీ మెంబరా, అందరికీ సమానంగా నడిమధ్యన వచ్చి కూర్చోడానికి?"

"నబీసా పెరట్లో నీళ్ళు పడతాయి, కాదన్లేదు" అంది దేవయాని, గంజి వారుస్తూ. "పొద్దున్నే ఆ పెరట్లోకి ఎవరు ముందు పోయారు, ఎవరి కాలు ఆవిడ మల్లెమొక్కని తొక్కింది, ఎవరు తలుపు కొట్టి నిద్ర చెడగొట్టారు... ఓనం పండగ లోపల జుట్లు పట్టుకుంటాం. బావికి నీళ్ళొక్కటే చాలవండీ. తోడుకునేవాళ్ళు మాట్లాడుకుంటూ ఉండాలిగా."

"మాట్లాడుకోండి. ఎండిపోయిన గోతి చుట్టూ కూర్చుని మాట్లాడుకోండి. అక్కడ జల పడితే ఈ మీసం తీసేస్తా!"

కంచె అవతల నబీసా బట్టలారేస్తోంది. ఆవిడ చెవిన పడిందంటే ఇంకేముంది? పొద్దుగూకే లోపల కొండంతా తెలిసిపోయింది. చాయ కొట్లో ఉస్మాన్ కనబడ్డవాడికల్లా అదే చెప్పాడు.

తవ్వకం మొదలైంది. దేవయాని నైటీ మీద మొగుడి పాత చొక్కా వేసుకుని, తలకి తువాలు చుట్టుకుని, అటక మీదున్న ఆయన పొట్టి గునపం దింపింది.

"నా గునపం!" అన్నాడు చామి.

"తుప్పు పడుతోంది" అంది ఆవిడ, పోతూ పోతూ.

అరుగు మీదికి బావి కనబడదు, మధ్యలో అరటిచెట్లు అడ్డం. వినబడుతుంది మాత్రం. మొదటి రోజు దెబ్బలు విని చామి చెవులు మూసుకున్నాడు. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు. "అది గునపం దెబ్బటే? అత్తగారి మీద కోపంలా ఉంది!" అని అరిచాడు. వినేవాళ్ళు లేరు. సాయంత్రం దేవయాని అరచేతుల నిండా బొబ్బలతో వచ్చింది. కొబ్బరినూనె సీసా ఆయనే అందించాడు. అందించి, "రేపు మానేస్తారా?" అన్నాడు.

"రేపు గుడ్డ చుట్టుకుని తవ్వుతాం" అంది.

లోతు పెరిగింది. మొదట్లో లోపలికి దిగడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. పక్కన మెట్లలా గుంటలు చెక్కారు గానీ కాలు పెట్టాలంటే ఒళ్ళు జలదరిస్తోందట. దేవయాని దిగింది. ఆ రాత్రి గంజి తాగుతూ తనే చెప్పింది.

"కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి, పైకి చూస్తే ఏడుపొచ్చింది. చిరుత ముత్తశ్శి గట్టు మీద నుంచి కేకేసింది, ముక్కు ముందున్న గోడనే చూడవే పిచ్చిదానా అని. గోడనే చూస్తూ దిగిపోయాను. దిగాక ఎంత చల్లగా ఉందనుకున్నారు! పైకి చూస్తే ఆకాశం అప్పమంత కనబడిందండీ. తెల్లగా, గుండ్రంగా. ఇన్నేళ్ళూ మీరు చూసింది ఇదా?"

ఆ అప్పమంత ఆకాశం గురించి చామి ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని. పనసాకు మడిచి చేసిన గరిటె కంచంలో పెట్టి, ఇంకేదో అడిగినట్టు అడిగాడు.

"తవ్విన మట్టి ఎక్కడ పోస్తున్నారు?"

"గట్టుకి దూరంగా. అంచున పోస్తే బరువుకి జారుతుందన్నారుగా మీరు."

"నేనెప్పుడన్నాను?"

"పెళ్ళయిన కాణ్ణించీ అంటూనే ఉన్నారు. గంజి ముందు కూర్చున్నప్పుడల్లా ఒక బావి కథ. నేను వినట్లేదనుకున్నారా?"

అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

రోజులు గడిచే కొద్దీ దెబ్బలు దారిలో పడ్డాయి. ఒకరు అలిసిపోతే ఇంకొకరు దిగడం, తట్టలు చేతులు మారుతూ పైకి రావడం, పాటలు, తిట్లు, నవ్వులు. నడిచి పోయే మగాళ్ళు గట్టు దగ్గర ఆగి సలహా ఇవ్వబోతే నబీసా వాళ్ళ చేతిలో ఒక తట్ట పెట్టేసేదట. దాంతో సలహాలు తగ్గాయి. అరుగు మీద చామి వేళ్ళు కుర్చీ చేతి మీద ఆ దెబ్బలకి తాళం వేసేవి. తను చూసుకుని చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. మళ్ళీ కాసేపటికి అదే పని.

అప్పుడు బండ పడింది.

ఎర్రరాయి నేలంతా దాటాక, నల్లబండ. ఠంగుమని ఆ మొదటి దెబ్బ చామికి అరుగు మీదే తెలిసింది. సాయంత్రానికి ఉస్మాన్, ఇంకో ఇద్దరూ పండగలా వచ్చారు.

"మీసం బతికింది ఏట్టా! నూనె పట్టించు!"

చామి నవ్వాడు. మీసం మెలితిప్పాడు కూడా. వాళ్ళు వెళ్ళాక దేవయాని వచ్చి గడప మీద కూర్చుంది. ఆ రోజు పాటలూ లేవు, తిట్లూ లేవు.

"మేం తవ్విన చోటు తప్పా?" అని అడిగింది. వెటకారం లేదు, కోపం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

"చెప్పానుగా" అన్నాడు చామి. అన్నాక తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది. ఆవిడ లేచి లోపలికి పోయింది. ఆ పూట గంజి ఇద్దరికీ దిగలేదు.

మర్నాడు మళ్ళీ పనిలోకి పోయారు. ఉలి, సమ్మెట పట్టుకుని పోయారు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. చేతులు జివ్వుమనే పని అది, మగాళ్ళే మధ్యలో వదిలేసి పోతారు. ఈ ఆడవాళ్ళు వదల్లేదు. పడమట మబ్బులు కూడుకుంటున్నాయి. ఇడవం నెల తొలకరి వాన ఇవాళో రేపో అన్నట్టుంది. వాన దిగితే పైన ఎర్రనీరంతా గోతిలోకి పోతుంది, తవ్వకం ఆగిపోతుంది. మళ్ళీ గడ్డి, మళ్ళీ ట్యాంకరు.

చామి వింటూ కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు మారింది.

ఠంగ్ అనేది కాస్తా ధమ్ అంది. మళ్ళీ ధమ్. కడుపునిండిన కుండ మీద కొట్టినట్టు. చామి ఒంటి మీద రోమాలు లేచాయి. ఆ చప్పుడు ఎక్కడున్నా గుర్తుపడతాడు. బండ పలచబడింది. కింద నీళ్ళున్నాయి. నడిమధ్యన, కొబ్బరితాడుతో కొలిచిన ఆ పిచ్చి చోటునే, నీళ్ళున్నాయి!

తను చెప్పింది తప్పు. వాళ్ళు చేసింది ఒప్పు. చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడే చప్పుడు ఆగిపోయింది.

చామి చెవి ఒగ్గి కూర్చున్నాడు. మళ్ళీ కొడతారు, ఊపిరి తీసుకుంటున్నారేమో అనుకున్నాడు. లేదు. కాకులు అరుస్తున్నాయి, అరటాకులు కొట్టుకుంటున్నాయి, గునపం చప్పుడు లేదు, సమ్మెట చప్పుడు లేదు. వదిలేశారు! చేతులు పడిపోయి వదిలేశారు. ఇంకొక్క జానెడు. ఒక్క జానెడు కొడితే చాలు, వదిలేశారు. మబ్బు చూస్తే నెత్తి మీదికి వచ్చేసింది.

నోరు మూసుకుని కూర్చుంటే మీసం ఉంటుంది. పొద్దున్నే నూనె రాసుకోవచ్చు. చామి అన్నట్టే అయింది అని కొట్లో చెప్పుకుంటారు. దేవయాని మళ్ళీ కొడవలి తీసుకుని రోడ్డు మీదికి పోతుంది. తెలిసీ ఎందుకు చెప్పలేదని ఎప్పుడూ అడగదు. ఆవిడ అడగదనే ఆయనకి భయమేసింది.

"ఉస్మానే!" అని అరిచాడు. ఆ అరుపుకి కొట్లో గ్లాసు పగిలిందని ఉస్మాన్ ఇప్పటికీ చెప్తాడు. "ఒరే ఉస్మానే! ఎవరున్నార్రా! కుర్చీ ఎత్తండి!"

ఉస్మాన్, కొట్లో చాయ తాగేవాళ్ళు ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు. ఏట్టన్‌కి ఏదో అయిందనుకుని వచ్చారు. "బావి దగ్గరికి! చూస్తారేం, ఎత్తండి!" అంటుంటే ఒకడి మొహం ఒకడు చూసుకుని, కుర్చీకి తలో కాలూ పట్టుకుని లేపారు. కాలిదారిలో కుర్చీ ఊగిపోతోంది. "పడేస్తారా ఏంట్రా!" "బరువంతా మీసానిదే ఏట్టా!" "నోరు ముయ్యండి, నడవండి!"

ఇన్నేళ్ళలో అరటిచెట్లు దాటి రావడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆయనకి తోచనే లేదు.

బావి గట్టు కనబడగానే కేకలేశాడు. "వదలకండే! దేవయానీ! కొట్టండి! కింద నీళ్ళున్నాయి! చప్పుడు మారింది, నేను విన్నాను! ఒక్క జానెడు! తూర్పు వైపు ఉలి పెట్టి కొట్టండి, నీళ్ళున్నాయే, నా మాట వినండి, నీళ్ళున్నాయి!"

కుర్చీ దించారు. గట్టు పక్కన నీడలో ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని ఉన్నారు. ఒళ్ళో గంజి గిన్నెలు, చేతుల్లో పనసాకు గరిటెలు. పెసరకూర గిన్నె మధ్యలో ఉంది. అందరూ గరిటెలు గాల్లో ఆపి ఆయన్ని చూస్తున్నారు.

"ఎవరు వదిలేశారు?" అంది నబీసా.

"చప్పుడు ఆగింది..."

"ఆకలేసింది" అంది దేవయాని. "చప్పుడు మారడం మేమూ విన్నాం. ఠంగ్ అంటే బండ, ధమ్ అంటే జల. మీరు చెప్పిందేగా? ఇక నీళ్ళు పడ్డాక తినడానికి తీరికెక్కడ ఉంటుందని, ముందు గంజి తాగేద్దామన్నాను."

ముందు చిరుత ముత్తశ్శికి నవ్వొచ్చింది. పళ్ళు లేని నోరు తెరిచి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంక చూసుకోండి, కొండంతా ఒకటే నవ్వు. "అయ్యో ఏట్టా! ఊరికే నోరు జారావ్! ఇంకాసేపు ఓపిక పట్టుంటే పందెం ఓడినా పరువు దక్కేది!" అని ఉస్మాన్ నేల మీద కూలబడ్డాడు.

చామికి కోపం వచ్చింది, సిగ్గేసింది, ఆ రెండూ ఎక్కడికి పోయాయో పోయాయి, తనకీ నవ్వొచ్చింది. దేవయాని మాత్రం నవ్వలేదు. ఆయన్నే చూస్తోంది. అరటిచెట్లకి ఇవతల, ఎండలో, నలుగురిలో కూర్చున్న మొగుణ్ణి కళ్ళారా చూస్తోంది.

"గంజి తాగుతారా?" అంది.

"తాగుతా" అన్నాడు.

తాగాక దేవయాని నడుముకి మోకు కట్టుకుంది. దిగబోతుంటే చామి, "ఇలా రా" అన్నాడు. ముడి చూశాడు. విప్పాడు. తను చేసే పాత పద్ధతిలో మళ్ళీ కట్టి, లాగి చూసి, మళ్ళీ లాగి చూశాడు. ముడి మీద నుంచి చేతులు తియ్యలేదు. ఆవిడ ఆ చేతుల మీద చెయ్యి వేసి, "ముక్కు ముందున్న గోడనే చూస్తాగా" అంది. దిగిపోయింది.

మోకు నబీసా పట్టింది, వెనక ఇంకో ముగ్గురు పట్టారు. కింద నుంచి ధమ్, ధమ్ అని వినబడుతోంది. చామి కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు, ఈసారి దాచుకోలేదు. ఒక పెద్ద దెబ్బ. తర్వాత పెళపెళమని బండ విరిగిన చప్పుడు. తర్వాత దేవయాని కేక. భయపడి అరిచిందో, నవ్విందో ఎవరికీ తెలీలేదు.

"దేవయానీ!" అని చామి కుర్చీలోంచి ముందుకి వంగాడు.

"నడుం దాకా వస్తోంది! చల్లగా ఉందే! లాగండే నన్ను, లాగండి!"

లాగారు. బురదతో, ఎర్రనీళ్ళతో, మొగుడి చొక్కా ఒంటికి అతుక్కుపోయి పైకొచ్చింది. ఆడవాళ్ళు ఒకర్నొకరు పట్టుకుని గెంతారు. నబీసా ఏడ్చేసింది, ఏడుస్తూనే ఉస్మాన్‌ని బకెట్ పట్టుకు రమ్మని తిట్టింది.

ఆ కొండల్లో ఒక పద్ధతుంది. కొత్త బావిలో మొదటి బకెట్ తోడాక, బావి అడుగున దిగి జల తెరిచిన మనిషి దోసెడు నీళ్ళు తిరిగి బావిలో పొయ్యాలి, మొహం కడుక్కోవాలి. అందాకా ఇంకెవరూ ముట్టుకోరు. తను తవ్విన ప్రతి బావికీ ఆ దోసిలి చామిదే. ఇవాళ అలవాటుగా చేతులు ముందుకి చాపబోయి ఆగాడు. బకెట్ దేవయాని ముందు పెట్టారు. ఆవిడ దోసిలి నింపి బావిలో వదిలింది. మొహం కడుక్కుంది. బురద కారిపోయి మొహం మెరుస్తోంది. ఇలాంటి మొహం తన ఇంట్లోనే ఉందని చామికి ఇన్నాళ్ళూ తెలీదు.

బకెట్ ఎత్తి ఆయన ముందుకి తెచ్చింది.

"మొహం వంచండి."

"నాకెందుకు? అడుగున ఉన్నది నువ్వు."

"కడగడానికి కాదు. మీసానికి."

ఉస్మాన్ అప్పటికే గడ్డం గీసే కత్తి తెచ్చేశాడు. ఎప్పుడు పోయాడో, ఎప్పుడు వచ్చాడో! దేవయాని కత్తి పట్టుకుని తటపటాయించింది. "పోనీ వదిలేద్దామా? పాపం, ఇష్టంగా పెంచుకున్నారు."

"వదిలేదేం లేదు!" అని ఆడవాళ్ళంతా ఒకటే గోల.

"గీకు" అన్నాడు చామి. "చామి మాట తప్పాడని అనిపించకు. పైగా చోటు విషయంలో నేను చెప్పింది తప్పు. నలుగురి ముందూ ఒప్పుకుంటున్నా. ఇంట్లో మళ్ళీ ఒప్పుకోను, ఇప్పుడే వినుకో."

ఆ ఎర్రనీళ్ళతోనే తడిపి, ఆవిడే గీసింది. కొసలు రెండూ ఒళ్ళో పడ్డాయి. పై పెదవి మీద చల్లగాలి తగిలింది. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆ చోట గాలి తగల్లేదు.

"అరె! దేవయాని మెళ్ళో తాళి కట్టిన కుర్రాడు వచ్చాడే!" అంది చిరుత ముత్తశ్శి, కళ్ళు చికిలించి. దేవయాని పమిట కొంగు కోసం వెతుక్కుని, లేదని గుర్తొచ్చి, ఆ బురద చొక్కా చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

చినుకులు మొదలయ్యాయి. ఎవరూ కదల్లేదు. కేకలు విని పక్క కొండ నుంచి ముగ్గురు ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకునే వచ్చి నిలబడ్డారు. బావిలోకి తొంగి చూశారు, దేవయానిని చూశారు. వాళ్ళలో ఒకావిడ దేవయానిని అక్కా అన్నట్టు చేచీ అని పిలిచి, మెల్లగా అడిగింది.

"మా కొండ మీద కూడా నీళ్ళు లేవు చేచీ. మాకూ తవ్వడం నేర్పుతారా?"

"వానలు వెళ్ళనీండి, వస్తాం" అంది దేవయాని. "ముందు మీరు ఇంటింటికీ తాడేసి కొలుచుకోండి."

"చోటు నేను చూస్తా" అన్నాడు చామి. అందరూ ఆయన వైపు తిరిగారు. "చూస్తానన్నా, అంతే. మీరు వినక్కర్లేదు. చప్పుడు వినడానికైనా ఒకడు గట్టు మీద ఉండాలిగా!"

"అంత దూరం ఎలా వస్తావ్ ఏట్టా?" అన్నాడు ఉస్మాన్, నవ్వాపుకుంటూ.

చామి చెయ్యి అలవాటుగా మీసం కోసం పైకి పోయింది. అక్కడేం లేదు. నున్నటి పెదవి తడుముకుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసి, సర్దుకుని కూర్చున్నాడు.

"ఎత్తండిరా. ముందు ఇంటికి పోదాం, తడుస్తున్నాం. బతికున్నవాణ్ణి మోస్తున్నారు, కాస్త హుషారుగా ఎత్తండి!"